బాబాయి మందు, పిన్ని గుడ్లు

యానినా ఆసుపత్రిలో మందుల గది చూసుకునే మా ఎవాంథియాకి, కస్తానియా నుంచి పిన్ని ఆశీస్సులు.

ఫోనులో నాకు ఏడుపు తప్ప మాట రాదు. అందుకే బస్సు డ్రైవరు థోమాస్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. మీ బాబాయి కాలి పుండు నుంచి రక్తంలోకి పాకిన క్రిమి ఏ మందుకీ చావడం లేదట, మందు మాటిమాటికీ ఎక్కిస్తున్నారట. నిజం చెప్పు, ఆయన మీద ప్రయోగాలు చేస్తున్నారా?

నీ పిన్ని పొలిక్సేని

తా.క. బుట్టలో గుడ్లు, చీజు రొట్టె ఉన్నాయి. ఈస్టరు ఉపవాసాల్లో గుడ్డూ చీజూ మాంసమూ ముట్టకూడదు కదా అనకు. రోగులకి ఉపవాసం లేదని ఫాదరు గారే అన్నారు.

పిన్నికి నమస్కారాలు.

ప్రయోగం కాదు, భయపడకు. ఈ మందు రక్తంలో ఉండే ప్రోటీన్‌ని పట్టుకుని తిరుగుతుంది. విడిపడిన మందే క్రిమిని చంపుతుంది. బాబాయికి ప్రోటీన్ బాగా పడిపోయింది. దాంతో మందు తొందరగా విడిపోయి మూత్రంలో పోతోంది, తర్వాతి మోతాదు లోపు క్రిమి తేరుకుంటోంది. అది మొండిది, మందు ఎప్పుడూ ఎదురుగా నిలబడాలి. అందుకే వెంటవెంటనే ఇస్తున్నాం.

ఎవాంథియా

తా.క. చీజు రొట్టె వాసనకి పై అంతస్తు డాక్టర్లు కూడా దిగొచ్చారు.

అమ్మాయ్, ఆశీస్సులు.

అంతా అర్థమైంది. మందుని పట్టుకుని వదలని దొంగ ప్రోటీనే! ఇక గుడ్డూ చీజూ ఆయన దగ్గరికి రానివ్వకు. ఉడికించిన ఆకుకూర పంపుతున్నాను.

పిన్ని

తా.క. పక్కింటి కాతింగోకీ చెప్పాను. వాళ్లాయన లాంబ్రోస్ బీపీ మాత్రలు వేసుకుంటాడు కదా, గుడ్లన్నీ దాచేసింది. ఆయన కాఫీ కొట్లో కూర్చుని నిన్ను తిడుతున్నాడు.

అయ్యో పిన్నీ!

కొంప ముంచావు. ఆ ప్రోటీన్ లేకే కదా మందు నిలవనిది! తిన్న గుడ్డు వెళ్లి మందుని పట్టుకోదు. మోతాదు సంగతి మేం చూసుకుంటాం, ఒళ్లు కోలుకోవాలంటే ఆయన తినాలి. ఇన్ని బుట్టలొస్తున్నా ఒంటికి పట్టడం లేదు. ఎందుకో నాకూ అంతుపట్టడం లేదు.

ఎవాంథియా

తా.క. లాంబ్రోస్ గారి గుడ్లు ఆయనకి ఇప్పించు.

బంగారు తల్లీ,

పుంజుని కోసి పులుసు పెట్టాను, అందుతుంది. ఒక్కటి అడుగుతాను, దాచకు. ఆయన బతికి బయటపడతారా? ఆయన దగ్గు వినపడక ఇల్లు బోసిపోయింది. నాకు భయంగా ఉందే.

నిద్ర పట్టని నీ పిన్ని

తా.క. పుంజు కూయక ఇవాళ ఊరంతా ఆలస్యంగా లేచింది. ఫాదరు గారు కూడా.

పిన్నీ, ముందు ఊపిరి పీల్చుకో.

జ్వరం దిగింది. ఇవాళ్టి రక్తపరీక్షలో క్రిమి కనబడలేదు. ఇంకొన్నాళ్లు మందు వాడాలి గానీ గండం గడిచింది. రాస్తుంటే నాకే కళ్లు చెమరుస్తున్నాయి.

ఇక నీ పులుసు సంగతి. పక్కమంచం మనిషి బుగ్గలు నిగనిగలాడుతుంటే అనుమానమొచ్చి బాబాయిని నిలదీశాను. వచ్చిన రోజు నుంచీ నీ బుట్టలన్నీ అతనికే ఇచ్చేస్తున్నాడు! పెళ్లయినప్పటి నుంచీ నీ ఉపవాసాలు చూసి నవ్విన మనిషి, దేవమాతకి మొక్కుకున్నాడట: "నన్ను పొలిక్సేని దగ్గరికి చేర్చు తల్లీ, ఈ ఉపవాసమంతా ఉంటాను." జబ్బు సగం ప్రోటీన్‌ని లాగేస్తే, మిగతా సగం ఈ మొక్కు లాగేసింది! గట్టిగా కేకలేశాక ఇవాళ గుడ్డు తిన్నాడు.

నీ ఎవాంథియా

తా.క. ఇది నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. "దానికి తెలిస్తే ఏటా ఉపవాసం ఉండమంటుందే!" అని.