కుడి పేజీ

ఇబ్రహీంపట్నం హాస్టల్,
ఆదివారం

ప్రియమైన అమ్మకి,

నేను చెప్తుంటే నా పక్క బెంచీ మల్లీశ్వరి రాస్తోంది. ఇంగ్లీషులో రాస్తే నాన్నగారు ఆఫీసు నుంచి వచ్చి చదివేదాకా నువ్వు ఆగాలి. తెలుగులో నేనే రాస్తే ఒక్క పేజీకే ఆదివారం అయిపోతుంది.

మా ఏడో తరగతి సైన్సు పుస్తకం చూశావుగా. ఎడమ పేజీలో ఇంగ్లీషు, కుడి పేజీలో అదే పాఠం తెలుగులో. ఇక్కడ ఇద్దరిద్దర్ని జంట చేస్తారు. ఒకళ్ళు ఎడమ పేజీ చెప్పాలి, ఇంకొకళ్ళు కుడి పేజీ. జూన్ నుంచీ నాది ఎడమ, మల్లిది కుడి. హాయిగా ఉంది. ఇప్పుడేమో డయానా టీచర్ నెలాఖరు శుక్రవారం అసెంబ్లీలో పేజీలు మార్చుకుని చెప్పమన్నారు. పాఠం పేరు ఉష్ణవహనం. నేను ఆ పేరు దగ్గరే ఆగిపోతున్నాను. మొన్న క్లాసులో అలాగే ఆగితే, కిరీటి "స్టాపు వచ్చిందా, దిగాలా?" అన్నాడు. అందరూ నవ్వారు.

ఇక్కడ ఇంగ్లీషు ఒక్కటే ఉండే సెక్షన్ కూడా ఉంది. నన్ను అందులోకి మార్చమని ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చెయ్యమ్మా.

నీ శాంభవి

(ఆంటీ, నేను మల్లీశ్వరిని. పైదంతా తను చెప్పినట్టే రాశాను, ఒక్క మాట మార్చలేదు. తను వెళ్ళిపోతే నాకు జంట ఉండదు. ఎడమ పేజీ అంటే నాకూ భయం. ఇది నేను రాసినట్టు తనకి తెలీదు.)

*

పటమట,
బుధవారం

మా బంగారు శాంభవికి,

ఉత్తరం నిన్న అందింది. నేను రెండుసార్లు చదువుకుని, మీ నాన్నగారికి ఒకసారి వినిపించాను.

"అంత ఇబ్బందైతే మార్పించేద్దాం త్రిపురా. పిల్ల బెంగ పెట్టుకుంటుంది" అన్నారు.

"పెట్టుకున్నా అన్నం మానెయ్యదులెండి, మీ కూతురేగా" అన్నాను. దాంతో పేపరు తీశారు.

కాబట్టి ఇలా అనుకున్నాం. శుక్రవారం స్టేజీ ఎక్కు. వచ్చినంత చెప్పు. నీ మనసు మారితే నాకు తెలియజెయ్యి. ఈ నెల నీ ఫోను వంతు అయిపోయింది కనక ఉత్తరం రాయి. ఏ కబురూ లేకపోతే మారాలనే ఉందనుకుని, శనివారం సాయంత్రం ఆరింటికి ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేస్తాను.

మల్లీశ్వరీ, ఈ ఉత్తరం చదివి వినిపించేది నువ్వేనని తెలుసు. ఈ పేరా అంతా వదిలేసి చదువు. నీకు ఇంగ్లీషంటే భయమని శాంభవితో చెప్పలేదు కదూ? చెప్పి చూడు తల్లీ.

కారప్పూస రెండు డబ్బాలు పంపుతున్నాను. మూతల మీద పేర్లు రాశాను. ఎవరి డబ్బా వాళ్ళు తినండి.

ప్రేమతో,
అమ్మ

*

ఇబ్రహీంపట్నం హాస్టల్,
శుక్రవారం సాయంత్రం

అమ్మకి,

మల్లే రాస్తోంది. నీ ఉత్తరం చదువుతూ తను ఒకచోట ఆగి, గబుక్కున కిందికి దూకింది. "ఏముందే అక్కడ?" అంటే, "ఏం లేదే, కారప్పూస సంగతి" అంది. తను స్నానానికి వెళ్ళినప్పుడు నేనే కూడబలుక్కుని చదివాను. తను తల తుడుచుకుంటూ వచ్చేదాకా పట్టింది. గట్టిగా అడిగితే అప్పుడు ఒప్పుకుంది.

ఇద్దరం చీటీలు రాసుకున్నాం. తెలుగు పాఠాన్ని నేను ఇంగ్లీషు అక్షరాల్లో, ఇంగ్లీషు పాఠాన్ని మల్లి తెలుగు అక్షరాల్లో. తీరా స్టేజీ ఎక్కాక చూస్తే నా చేతిలో మల్లి చీటీ, తన చేతిలో నాది. కంగారులో ఆ తెలుగు అక్షరాలే చదివేశాను. నోట్లోంచి ఇంగ్లీషు వచ్చింది. మల్లి నా ఇంగ్లీషు అక్షరాలు చదివితే తెలుగు వచ్చింది. ముందు కిరీటి నవ్వాడు, తర్వాత అసెంబ్లీ అంతా.

డయానా టీచర్ వచ్చి చీటీలు రెండూ లాక్కుని చూశారు. "చదవడం వచ్చిందిగా ఇద్దరికీ. ఇక చీటీల్లేకుండా చెప్పండి" అన్నారు.

"కాగే పప్పులో స్టీలు గరిటె వదిలేస్తే చెయ్యి కాలుద్దండి. చెక్క గరిటె కాలదు. స్టీల్లోంచి వేడి పాకుతా వచ్చుద్ది, చెక్కలోంచి అంత తొందరగా రాదు. దీన్నే ఉష్ణవహనం అంటారు" అన్నాను. ఆ పేరు దగ్గర ఆగలేదమ్మా. తర్వాత మల్లి ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు చెప్పింది. తడబడుతూనే అయినా, చెప్పింది.

ఇక్కణ్ణుంచి నేనే రాస్తున్నా. ఫోన్ చెయ్యకు. నేను మల్లి పక్కనే ఉంటా.

శాంభవి

*

పటమట,
సోమవారం

శాంభవికీ మల్లీశ్వరికీ,

ఉత్తరం ఇవాళ వచ్చింది. శుక్రవారం సాయంత్రం రాసింది శనివారానికి ఎలా అందుతుందని, అన్నీ పద్ధతిగా ఏర్పాటు చేసిన నాకు తట్టనేలేదు. కబురు లేదు కదా అని ఆరింటికి ప్రిన్సిపాల్ వెంకటకృష్ణారావు గారికి ఫోన్ చేశాను.

"మా శాంభవిని ఇంగ్లీషు సెక్షన్‌కి మార్చాలండీ" అన్నాను.

"కుదరదమ్మా" అన్నారు.

"సీట్లు లేవాండీ?"

"ఉన్నాయమ్మా. పొద్దున మీ అమ్మాయి, ఇంకో పిల్లని వెంటబెట్టుకుని నా గదికి వచ్చింది. 'సాయంత్రం ఆరింటికి మా అమ్మ ఫోన్ చేస్తారండీ. అన్న టైముకి చేసి తీరతారు. నన్ను మార్చమంటారు, మీరు ఒప్పుకోవద్దు' అని చెప్పి వెళ్ళింది."

ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను. "ఏ భాషలో చెప్పిందండీ?" అని అడిగాను.



"గమనించలేదమ్మా" అన్నారు.

ప్రేమతో,
అమ్మ