ఫుట్‌బాల్ గ్రౌండుకు ప్రమాణం

వెల్దుర్తి,
జూన్ 24.

కాంట్రాక్టరు రామబ్రహ్మం గారికి,

వెల్దుర్తి బాలికల హైస్కూలు వ్యాయామ టీచరు ఫిలోమినా నమస్కరించి రాసేది.

మీరు కట్టిన కొత్త క్లాసు గదులు బాగున్నాయి. వాన కురిసినా లోపల తడవడం లేదు. ఇబ్బందల్లా బయట గ్రౌండుతోనే. ఏడాది పాటు మీ లారీలు, మిక్సర్లు తిరిగి తిరిగి నేల బిగుసుకుపోయింది. మేకు కూడా దిగడం లేదు. ఎక్కడ చూసినా ఇటుక ముక్కలు, కంకర. మా ఫుట్‌బాల్ గోల్‌కీపరు సుస్మిత మొన్న బంతి కోసం దూకి మోచేతులు చెక్కించుకుంది. అప్పటి నుంచి బంతి వస్తుంటే మర్యాదగా పక్కకు జరిగి దారి ఇస్తోంది. అదేమని అడిగితే, "బంతి పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు మేడమ్, తోలు పోతే యాడ తెచ్చుకునేది?" అంది.

నవంబరులో జోన్ ఆటలు మా స్కూల్లోనే పెడతామన్నారు. మా పిల్లలు సొంతూళ్ళో ఆడడం ఇదే మొదటిసారి. గ్రౌండు ఇట్లాగే ఉంటే ఆటలు మాచర్లకు మార్చేస్తారు. దయచేసి నేల బాగుచేయించండి.

ఎదురుచూస్తూ,
ఫిలోమినా

తా.క. ఫోన్ చేసినప్పుడల్లా సైట్లో ఉన్నానంటున్నారు. ఉత్తరమైతే సైట్లో ఉన్నా చదువుకోవచ్చని రాశాను.

* * *

నరసరావుపేట,
జూలై 2.

టీచరమ్మ గారికి,

ఇక్కడ మేమంతా క్షేమం. మీ ఉత్తరం సైట్లోనే చదివాను. పిల్లకు దెబ్బ తగిలిందంటే మనసు పాడైంది. ఇంట్లో చెబితే మా ఆవిడ వీరరాఘవమ్మ, "గోడలు కట్టి నేల వదిలేస్తే నలుగురూ ఏమనుకోవాల? చానా సిగ్గుచేటు" అని నా మీద కేకలేసింది. అందుకని మీ నేల కోసం రెండు లారీల మాచర్ల బండలు పంపుతున్నాను. గ్రౌండంతా పరిపించేద్దాం. మీ మనవరాళ్ళు కూడా దాని మీదే ఆడుకుంటారు.

మీ మాట కాదనని,
రామబ్రహ్మం

తా.క. పాలిష్ బండలే పంపుదామనుకున్నాను. పిల్లలు జారిపడతారని ఆగాను.

* * *

వెల్దుర్తి,
జూలై 5.

రామబ్రహ్మం గారూ, నమస్కారం.

బండలు దించకముందే గేటు మూసి లారీలకు అడ్డం నిలబడ్డాను. మీ డ్రైవరు షఫీక్, "బండలొద్దంటే మా సేటు మార్బుల్ పంపుతాడు మేడమ్, ఆలోచించుకోండి" అన్నాడు.

నేలంటే నేను గచ్చు అనుకోలేదండీ, మట్టి అనుకున్నాను. నీళ్ళు ఇంకే మట్టి, వేరు దిగే మట్టి, దాని మీద గడ్డి. కట్టడం అయిపోయాక మట్టి ఎట్లా వదిలిపెట్టాలో దానికీ ఒక ప్రమాణం ఉండాలి. ప్రమాణం లేకపోతే పని పూర్తయిందని సంతకం పెట్టేది లేదని మా హెడ్మాస్టరు ఇశ్రాయేలు గారు గట్టిగా చెప్పారు.

లారీలకు అడ్డం పడి అలిసిన,
ఫిలోమినా

తా.క. గడ్డి సంగతి మాత్రం మరిచిపోవద్దు.

* * *

నరసరావుపేట,
జూలై 11.

టీచరమ్మ గారికి,

మా తాతల నాటి నుంచి మమ్మల్ని ప్రమాణం చేయమని అడిగినవారు లేరు. ఆ మాట చదివి ఆ పూట అన్నం సహించలేదు. అయినా హెడ్మాస్టరు గారు పట్టుబట్టారు గనుక షఫీక్‌ను సాక్షిగా వెంటబెట్టుకుని కోటప్పకొండ ఎక్కి, సిమెంటులో నేను మోసం చేయలేదని త్రికోటేశ్వర స్వామి ముందు ప్రమాణం చేసి వచ్చాను. మెట్లెక్కేసరికి నడుం పట్టేసింది. పక్కనున్న ముసలాయన, "ఏంది అబ్బాయ్, ఆస్తి తగాదానా?" అని అడిగాడు. ఫుట్‌బాల్ తగాదా అని చెప్పాను. ఆయన ఇంకా దిగులుపడ్డాడు.

గడ్డి మరిచిపోలేదు. ట్రాక్టరు నిండా వరిగడ్డి రేపు వస్తుంది.

నిజాయితీపరుడు,
రామబ్రహ్మం

తా.క. తమరు చర్చి వారు గదా. మీ దేవుడి ముందు కూడా చేయమంటే ఆదివారం వస్తాను. ప్రార్థన ఎన్నింటికో రాయండి. అక్కడ మెట్లు ఉండవనుకుంటాను.

* * *

వెల్దుర్తి,
జూలై 15.

రామబ్రహ్మం గారికి,

మీ నడుం త్వరగా బాగుపడాలని మా పిల్లలంతా అసెంబ్లీలో ప్రార్థించారు.

వరిగడ్డి అందింది. ఊళ్ళో గేదెలకు కూడా ఆ కబురు అందింది. గేటు దగ్గర అవే ముందు, పిల్లలు వెనక. హెడ్మాస్టరు గారు బెల్లు కొట్టించినా కదల్లేదు.

తప్పు నాదే, వివరంగా రాయాల్సింది. ప్రమాణం అంటే ఒట్టు కాదండీ, కొలత. ముందు మూరెడు లోతు దున్ని కాంక్రీటు ముక్కలన్నీ ఏరించాలి. దాని మీద జానెడు మందాన చెరువు మట్టి, పశువుల ఎరువు కలిపి పరిపించాలి. రోలరు మాత్రం తేవద్దు. బిందెడు నీళ్ళు పోస్తే మడుగు కట్టకుండా ఇంకిపోవాలి. స్క్రూడ్రైవరు చేత్తో నొక్కితే పిడి దాకా దిగాలి. అప్పుడు గరిక నాటించి, మట్టి కనబడనంత దట్టంగా అల్లుకునేదాకా ఎవరినీ తొక్కనివ్వకూడదు.

ఈసారి అర్థమయ్యేట్టు రాశాననే నమ్మకంతో,
ఫిలోమినా

తా.క. ఆఖరి ప్రమాణం ఒకటుంది. అంతా అయ్యాక మీరే పరిగెత్తి ఒకసారి పడాలి. మోకాలు చెక్కుకుపోకపోతే సంతకం పెడతాం.

* * *

నరసరావుపేట,
సెప్టెంబరు 28.

టీచరమ్మ గారికి,

మీరు చెప్పినట్టే చేయించాను. దున్నుతుంటే మీ గ్రౌండు కింద ఇంకో బడి కట్టేంత సామాను బయటపడింది. మా మేస్త్రీ ఏసోబు పార కూడా అందులోనే దొరికింది. దాని కోసం వాడు ఏడాదిగా అందరి మీదా అలిగి ఉన్నాడు. పార చేతికి రాగానే అలక తీరి, మిగతా రాళ్ళన్నీ తనే ఏరేశాడు. తర్వాత వానలు కలిసొచ్చి గరిక అల్లుకుంది.

మొన్న నేను వచ్చేసరికి మీరు గురజాలలో ట్రైనింగుకు వెళ్ళారట. మీ మాట ప్రకారం ప్యాంటు మడిచి, పరిగెత్తి పడ్డాను. మోకాలు చెక్కుచెదరలేదు. చూడ్డానికి స్కూలు స్కూలంతా వచ్చింది, అదొక్కటే దెబ్బ.

విజయవంతంగా పడిన,
రామబ్రహ్మం

తా.క. గోల్‌కీపరు పిల్ల, "ఇంకోసారి పడు తాతయ్యా, సరిగా చూళ్ళేదు" అంది. పడ్డాను.

* * *

వెల్దుర్తి,
అక్టోబరు 20.

రామబ్రహ్మం గారికి,

హెడ్మాస్టరు గారు సంతకం పెట్టారు. జోన్ కమిటీ వాళ్ళు వచ్చి, గడ్డి చూసి చెప్పులు విప్పి నడిచారు. ఆటలు మా దగ్గరే. సుస్మిత ఇప్పుడు బంతి రాకపోయినా దూకుతోంది.

ఇంత సంతోషంలో ఒక చిక్కు వచ్చి పడింది. ఈ పొద్దున ఎవరో మనుషులు వచ్చి గ్రౌండు మధ్యగా సున్నంతో గీత గీసి వెళ్ళారు. మంచినీళ్ళ పైపుకు కాలవ తవ్వుతారట, సోమవారం మిషను వస్తుందట. కాంట్రాక్టరు ఎవరో వాళ్ళకే తెలియదు. మీ వృత్తిలో వారే గదా, మీరొక మాట చెప్పి ఆపించలేరా?

మీ మీదే ఆశ పెట్టుకున్న,
ఫిలోమినా

తా.క. ఆ మనిషికి మట్టి విలువ తెలియదు. కాస్త కఠినంగానే చెప్పండి.

* * *

నరసరావుపేట,
అక్టోబరు 23.

టీచరమ్మ గారికి,

మీ ఉత్తరం చూసి కోపం పట్టలేకపోయాను. ఆ కాంట్రాక్టరెవరో కనుక్కోమని మనుషుల్ని పంపాను. మంచినీళ్ళ పనులు చూసే ఇంజనీరు గారికి ఫోన్ చేసి అరిచాను. ఆయన అంతా విని, "ఏంది బ్రహ్మం గారూ, ఆ పని మీదే గదండీ. పోయిన నెల సంతకం పెట్టింది మీరే" అన్నారు.

కాగితం తీసి చూస్తే నిజమే. ఊరి పేర్లు చదవకుండా సంతకాలు పెట్టడం నాకు అలవాటు. మీరు చెప్పమన్నట్టు ఆ మనిషికి కఠినంగా చెప్పే పని వీరరాఘవమ్మ తీసుకుంది. పెద్ద గొంతుతోనే చెప్పింది.

పైపును గ్రౌండులోకి రానివ్వకుండా ప్రహరీ వెంట చుట్టు తిప్పిస్తున్నాను. "నేరుగా పోతే దగ్గర గదండీ" అని ఇంజనీరు గారు అడిగారు. "దగ్గరేనండీ, కానీ ఆ గడ్డి నా చేతుల మీదుగా పెరిగింది" అన్నాను. సున్నం గీత వానకు పోతుంది, దాన్ని చెరపడానికి కూడా ఎవరినీ గడ్డి మీదకు పోనివ్వకండి.

మీ ఇద్దరు కాంట్రాక్టర్లూ ఒకడే అయిన,
రామబ్రహ్మం

తా.క. ఆటలకు మా ఆవిడా నేనూ వస్తాం. కుర్చీలు వేయవద్దు, గడ్డి మీదే కూర్చుంటాం. లేచేటప్పుడు మాత్రం ఎవరైనా చెయ్యి అందించాలి.