వంటింటి కింద జాకీ

జింపీ,
మార్చి 9

తమ్ముడు డెస్మండ్‌కి,

నీ పనితనం గురించి నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నాను. గుంజల మీద నిలబెట్టిన మా చెక్క ఇంట్లో, నిరుడు వంటింటిని మోసే గుంజను చెదలు తినేస్తే, కొత్తది వేస్తానని వచ్చావు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఇంటి కింద దొర్లి, "అక్కా, ఇంక వందేళ్ళు ఢోకా లేదు" అని, నేను చేసిన గుమ్మడికాయ స్కోన్ రొట్టెల పళ్ళెం ఖాళీ చేసి వెళ్ళావు.

ఈ వానలకు వంటింటి తలుపు మూసుకోవడం లేదు. బల్ల మీద పెట్టిన గుడ్డు దానంతటదే దొర్లిపోతోంది. అరవై మూడేళ్ళ దాన్ని, నిన్న టార్చి పట్టుకుని ఆ మూరెడెత్తు సందులోకి నేనే పాక్కుంటూ వెళ్ళాను. పాత గుంజ పుచ్చిపోయి అలాగే ఉంది. దాని పక్కన దూలాన్ని మోస్తున్నది నీ కారు జాకీ. ఎర్రరంగుతో నీ పేరు రాసుకున్నావు కదా, ఇంకా చెరగలేదు.

ఆ జాకీని మా ఆయన నెవిల్ కొట్టేశాడనే కదా, ఏడాదిగా క్లబ్బులో అందరికీ చెబుతున్నావు. నువ్వు మరిచిపోయావో, మరిచిపోయినట్టు నటించావో నాకు అనవసరం. నెవిల్ మాత్రం క్లబ్బు గడప తొక్కడం మానేశాడు.

శనివారం సరైన గుంజ తీసుకుని రా. దారిలో క్లబ్బులో ఆగి, నీ జాకీ ఎక్కడుందో అందరి ముందూ చెప్పి మరీ రా.

నెవిల్‌కి ఇంకా చెప్పలేదు. పొద్దున గుడ్లు వేయిస్తూ, "పాపం, మీవాడి జాకీ దొరికిందేమో కనుక్కో" అన్నాడు. సరిగ్గా దాని మీదే నిలబడి అన్నాడు.

నీ అక్క