అన్నయ్య ఫోన్‌కి మిగిలిన ఒక్క అవకాశం

అన్నయ్యా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. నీ ఫోన్ మాత్రం ఇంకా తెరుచుకోలేదు. నేనో కొత్త మాట పట్టుకొచ్చినప్పుడల్లా దాన్ని వాక్యంలో పెట్టి, నవ్వుతూ చదివి, ఆ ఫోన్‌లో రికార్డు చేసేవాడివి కదా. నీ గొంతంతా అందులోనే ఉండిపోయింది.

అమ్మ పాస్‌వర్డులన్నీ క్యాలెండర్ వెనక రాసుకుంటే ఆ కాగితాలు చింపేశావు. పదిసార్లు తప్పు కొడితే అంతా చెరిగిపోయేలా నీ ఫోన్‌ని పెట్టుకున్నావు. తొమ్మిదిసార్లు అయిపోయాయి.

ఇవాళ కొండాపూర్‌లో రిపేరు షాపుకి తీసుకెళ్లాను.

"ఇగ ఒక్కటే చాన్స్ ఉంది చెల్లె. నీ పేరు కొట్టి చూడరాదు? అన్నలందరు గట్లనే పెడ్తరు" అన్నాడు షాపతను.

"మా అన్నయ్య పెట్టడండీ."

నేను నా పేరే పాస్‌వర్డుగా పెట్టుకున్నానని గంటసేపు తిట్టినవాడివి. తాళం వేసి, తాళంచెవి తలుపుకే తగిలించి వెళ్లినట్టుందన్నావు.

"గంత హుషారా మీ అన్న!" అని నవ్వాడతను. నాకు నీమీద ఒళ్లు మండిపోయింది.

ఆ ఒక్కసారీ వాడకుండానే ఫోన్ వెనక్కి తెచ్చేశాను. పరాయివాళ్ల ఊహకందనిది పెట్టుకోవాలనేవాడివి. బాగానే పెట్టుకున్నావు. నేను నీకు ఎప్పుడు పరాయిదాన్నయ్యాను, అన్నయ్యా?