నూట ఇరవై కోలల పంపకం

ఐప్పసి నెల, మంగళవారం రాత్రి

ఈ వేళ పత్తి విత్తాము. అన్న పోయాక అతని పాలు చేను వదినకు పంచి ఇచ్చిన తరవాత ఇదే మొదటి విత్తు. పేడలో రుద్ది ఆరబెట్టిన గింజలను రెండు గంపలకూ సమంగా పోశాను. నా గంప ఖాళీ అయినా చేను మిగిలింది. వదిన చేను ముగిసినా గింజలు మిగిలాయి.

"నా సేనుకు సాలు, మరిదీ. మీకు పత్తలేదు, తక్కువ పడినాయి గదా, తీసుకోండ" అని ఆమె తన గంప నా ముందు పెట్టింది. తీసుకున్నాను. ఆ గింజలతో నా చేను సరిగ్గా నిండింది. ఖాళీ గంపలు పట్టుకొని గట్టు మీద నిలబడి రెండు చేలనూ మార్చి మార్చి చూశాను.

ఎండాకాలంలో పంచింది నేనే. తిన్నె బడికి పోయినవాణ్ణని కొలిచే కోల నా చేతికే ఇచ్చారు. నా ముక్క చదరం, వదినది వాగు వెంట సన్నగా, పొడుగ్గా ఉంటుంది. చుట్టూ నడిచి కొలిస్తే రెండూ నూట ఇరవై కోలలే వచ్చాయి. సమానమన్నాను. "సదువుకొన్నోరు, మీరు సెప్తే సరే" అనింది వదిన.

అయ్యవారు ఇసకలో గడులు గీసి చేను కొలవడం నేర్పిన నాళ్ళలో నేను కోడిపందేల దగ్గర ఉన్నాను. ఇందాక వాకిట్లో ఆ గడులు నేనే గీసి చూశాను. నాది ముప్పై ముప్పైలు, తొమ్మిది వందల గడులు. ఆమెది యాభై పదులు, అయిదు వందలే.

వదిన దీపంతో బయటికి వచ్చింది.

"ఏం గీస్తా ఉండారు?"

ఇసకను కాలితో చెరిపేశాను. బడిలో నేర్చుకున్నదే వదినా, అన్నాను.