కూర్మమ్మకి ఏమీ లేదట

శ్రీముఖలింగం,
12 జూన్ 2024.

ప్రియమైన బావ గణపతిరావుకి,

నీ చెవులకి ఫోను పనికిరాదు కనుక మళ్లీ కలం పట్టాను. ఒక విధంగా నీ చెవుడు నాకు కలిసొచ్చింది. ఫోనులో అయితే నన్ను రెండు నిమిషాలకి మించి ఎవరూ మాట్లాడనివ్వరు. ఉత్తరంలో ఆపేవాడు లేడు.

మీ చెల్లి సంగతి. కూర్మమ్మకి ఒంట్లో బాగా లేదని పోయినసారి రాశాను. ఇప్పటికీ అంతే. కుడి భుజం నుంచి తుంటి దాకా లాగేస్తుంది. పొద్దున్న లేవగానే అరికాళ్లు మండుతాయి. బిందె ఎత్తితే చెయ్యి వణికి సగం నీళ్లు గుమ్మంలోనే పోతాయి. కొన్ని రోజులు బాగానే ఉంటుంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి సరిగ్గా ఆ రోజే మాకు వీలు చిక్కుతుంది.

శ్రీకాకుళంలో నలుగురిని చూశాం. మొదటాయన గ్యాసు అన్నాడు. రెండో ఆయన వయసు అన్నాడు. ఆయనకి మీ చెల్లి కన్నా పదేళ్లు ఎక్కువే ఉంటాయి, మెట్లు మాత్రం గబగబా ఎక్కేస్తున్నాడు. మూడో ఆయన రక్తం తీయించాడు. నాలుగో ఆయన ఆ కాగితాలు చూసి, మా ఇంట్లో ఎవరో పరీక్ష పాసైనట్టు, "అన్నీ నార్మలే" అన్నాడు.

ప్రతిచోటా మొదట్నించీ నేనే పూసగుచ్చినట్టు చెప్తున్నాను. శివరాత్రి వెళ్లాక చక్రతీర్థం నాడు వంశధారలో ఇసకేస్తే రాలనంత జనం, మీ చెల్లి మూడు మునకలేసి లేవబోయి మోకాళ్ల మీద కూలబడడం, నేను చేతిలో చెంబు వదిలేసి పరిగెత్తడం, ఆవిణ్ణి లేవదీసి చూసేసరికి ఆ చెంబుని ఎవడో భక్తుడు పట్టుకుపోవడం. చెంబు దగ్గరికి వచ్చేసరికి నాలుగో డాక్టరు నవ్వాడు కూడా. చెప్పడం వచ్చిన మొగుడు దొరకడం మీ చెల్లి అదృష్టం బావా. నోరులేని వాళ్ల గతి ఆసుపత్రుల్లో ఏమవుతుందో ఆలోచించు.

ఈ విద్య నాకు ఎక్కడ అబ్బిందనుకున్నావు? బడికి వెళ్లింది ఏడాదిన్నర. మిగతా చదువంతా బెల్లం పొట్లాల కాగితాల మీదే. ఏ కథైనా కాగితం చిరిగిన దగ్గర ఆగిపోయేది. తరువాయి నేనే కల్పించుకునేవాణ్ణి. అలా అలవాటైపోయింది.

సరే, మళ్లీ పక్కదారి పట్టాను. ఏం చెయ్యమంటావో రాయి.

నీ బావ,
లక్ష్ముడు


కొత్తవలస,
21 జూన్ 2024.

ప్రియమైన లక్ష్ముడు బావకి,

ఉత్తరం అందింది. మూడు పేజీలు. చెంబు గురించి పదకొండు లైన్లున్నాయి. చెల్లి ఏమంటోందో ఒక్క లైనూ లేదు. అది రాయి.

ఇక్కడ నా సంగతి. ఇంజన్ల షెడ్డులో పోగొట్టుకున్న చెవుల కోసం మా అమ్మాయి శైలజ ఒక మిషను కొనిపెట్టింది. చెవిలో పెడితే ఈల వేస్తోంది. కిరండూల్ గూడ్సు వస్తోందనుకుని రెండుసార్లు లేచి నిలబడ్డాను. తీసి అలమరలో పెట్టేశాను.

శ్రీకాకుళంలో తేలకపోతే విశాఖ తీసుకెళ్లు. పెద్ద మిషన్లున్నాయి. చిన్నప్పుడు చెల్లి కాలిలో గాజుపెంకు దిగితే రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. అలాంటిది బాధ అంటోందంటే చాలానే ఉంటుంది.

ప్రేమతో,
గణపతిరావు


శ్రీముఖలింగం,
3 సెప్టెంబరు 2024.

ప్రియమైన బావకి,

రెండు నెలలు దాటింది, రాయలేదు. రాయడానికి నాకే విషయం లేకుండా పోయిందంటే నువ్వు నమ్మవు. విషయం ఉంది, అది కాగితం మీద పెట్టబుద్ధి కాలేదు.

విశాఖలో మూడు రోజులున్నాం. ముగ్గురు డాక్టర్లు చూశారు. పెద్ద మిషను మీ చెల్లిని తల దగ్గర్నించి మింగి, అరగంట నమిలి, బయట పెట్టింది. చివరికి కోటు వేసుకున్నాయన ఫిల్ములు లైటుకి పెట్టి, "ఏమీ లేదండీ. ఇంట్లో సంతోషంగా ఉంచండి" అన్నాడు. చెంబు దాకా కూడా రానివ్వలేదు నన్ను. సంతోషంగా ఉంచడానికి నేనేం తక్కువ చేశానా అని బస్సులో అంతా ఆలోచించాను. ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఊళ్లోకి మా కన్నా ముందే ఆ మాట చేరిపోయింది. ఊడ్పుల రోజు పక్కింటి గున్నమ్మ గట్టు మీద నిలబడి, "ఏటే కూర్మీ, అంత పెద్ద మిషనే ఏటీ నేదనీసినాదంట కదా, మరింక మడిలోకి దిగడానికేటే నీకు?" అంది. నవ్వుతూనే అంది. మీ చెల్లి చీర ఎగ్గట్టి దిగింది. రెండు వరసలు నాటింది. మూడో వరసలో నారుకట్టతో సహా బురదలో కూర్చుండిపోయింది. గున్నమ్మే చెయ్యిచ్చి లేపింది, పాపం, మొహం చిన్నబుచ్చుకుని.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ మీ చెల్లి అన్న మాట రాస్తున్నాను. "నిజిమేనేమో మావా. నాకేటీ నేదేమో. నానే ఊరికినే ఇలగైపోతన్నానేమో."

ఆ రోజు నుంచి నొప్పి అనడం మానేసింది. నొప్పి మానలేదు. పొయ్యి దగ్గర గోడ పట్టుకుని లేస్తుంటే నేను పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాను. చూశానని తెలిస్తే చెయ్యి తీసేసి, నిటారుగా నిలబడి, పెదవి కొరుక్కుంటుంది. అది చూడడం ఇంకా కష్టం. ఇంక ఏ డాక్టరు దగ్గరికీ రానంటోంది. "మళ్లీ ఏటీ నేదనిపించుకోడానికేటి?" అంటోంది.

చెల్లి ఏమంటోందో రాయమన్నావు కదా. ఈ కాగితం ముందు పెట్టి అడిగాను. "నువ్వే రాసీ. నీకే బాగొస్తాది" అంది.

నాకేమీ తోచడం లేదు బావా.

లక్ష్ముడు


కొత్తవలస,
12 సెప్టెంబరు 2024.

ప్రియమైన బావకి,

పోయిన వారం జ్వరం వస్తే శైలజ నన్ను విజయనగరంలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. పేరు దేవేంద్ర. బరంపురం ఒరియా మనిషి. తెలుగు కూడబలుక్కుని మాట్లాడతాడట, నాకెలాగూ వినపడదు. శైలజ నా బదులు చెప్పబోతే వద్దన్నాడు. ప్రశ్న కాగితం మీద రాసి, పెన్ను నా చేతికిచ్చి, నేను జవాబు రాసేదాకా ఊరికే కూర్చున్నాడు. అతని తెలుగు అక్షరాలు వంకర. బయట ఇరవైమంది ఉన్నారు.

చెవులు పోయాక నా జవాబు కోసం ఆగిన మనిషి ఇతనే. నయం చేస్తాడని నేను చెప్పను. ఆగుతాడు, అంతే.

చెల్లి రానంటే, అన్న బతిమాలుతున్నాడని చెప్పు.

గణపతిరావు


శ్రీముఖలింగం,
30 అక్టోబరు 2024.

ప్రియమైన బావకి,

నీ మాట మీద వచ్చింది. తిలారులో రైలెక్కి విజయనగరం వెళ్లాం. అంత దూరం వచ్చి నిన్ను చూడకుండా తిరిగొచ్చేశామని కోపగించుకోకు. ఆ రోజు నీకు మొహం చూపించే స్థితిలో లేను.

లోపలికి వెళ్లి కూర్చున్నాం. నేను గొంతు సవరించుకుని చక్రతీర్థం ఎత్తుకున్నాను. కథ ఇంకా ఏటి ఇసకలోకి కూడా దిగలేదు, ఆ కుర్ర డాక్టరు చెయ్యెత్తాడు.

"పెద్దాయనా, జబ్బు ఎవరికి?"

"మా ఆడోళ్లకి బాబూ."

"అయితే మీరు బయట కూర్చోండి."

"ఆవిడికి సెప్పడం రాదు బాబూ. నాను సెప్తేనే గానీ..."

"రాకపోతే నేను ఆగుతాను," అన్నాడు. కోపంగా కాదు. లేచి తలుపు తీసి పట్టుకున్నాడు.

బయట బెంచీ మీద కూర్చున్నాను. మొదటి పది నిమిషాలు, ఇంకేముంది, ఇప్పుడు నన్ను పిలుస్తాడు అనుకున్నాను. ముప్పావుగంట అయింది. లోపలినుంచి మీ చెల్లి గొంతు సన్నగా వినిపిస్తూనే ఉంది. మాటలు తెలియడం లేదు. పెళ్లయిన నలభై రెండేళ్లలో ఆవిడ అంతసేపు ఏకబిగిన మాట్లాడగలదని నాకు తెలియదు.

అప్పుడు పిలిచాడు. "ఈ నొప్పి ఎప్పటినుంచి? మీకు తెలుసా?"

"చక్రతీర్థం నుంచి," అన్నాను.

ఆయన మీ చెల్లి వైపు చూశాడు. ఆవిడ నేల వైపు చూసింది.

"ఆరేళ్లయినాది మావా. తిత్లీ తుపానొచ్చిన ఏడు నుంచీ ఉన్నాది."

"మరి సెప్పనేదేటే?"

"సెప్పడం మొదలెట్టినాను. పెతిసారీ నువ్వు అందుకున్నావు."

దెప్పడం లేదు బావా, తుపాను ఏ నెలలో వచ్చిందో చెప్పినట్టు చెప్పింది. ఆరేళ్లు ఆవిడ వడ్డించిన పళ్లెంలోనే అన్నం తిన్నాను. ఏడుగురు డాక్టర్లు నా కథకి మందులిచ్చారు. పని చెయ్యలేదంటే వాళ్ల తప్పేముంది?

జబ్బు పేరేమిటని అడిగాను. "నాకు తెలియదు," అన్నాడు. "ఇంకొన్ని చూడాలి. చూసినా తెలియకపోవచ్చు. కానీ నొప్పి ఉంది. ఆమె చెప్తోంది కదా, ఉంది." ఆ 'ఉంది' వినగానే మీ చెల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అన్ని సూదులకీ ఏడవని మనిషి.

పదిహేను రోజులకోసారి రమ్మన్నాడు. మూడుసార్లు వెళ్లొచ్చాం. నయం కాలేదు. ఒక మాత్రతో నిద్ర పడుతోంది, అరికాళ్ల మంట అలాగే ఉంది. ఈ పొద్దున్న పొయ్యి దగ్గర గోడ పట్టుకుని, "నెప్పిగా ఉన్నాది మావా" అంది. నేను పేపరు కింద పెట్టాను. తర్వాత ఏం చెయ్యాలో తెలియలేదు. వెళ్లి పక్కన నిలబడ్డాను.

మొన్న ఆవిడ ఒక్కతే లోపలికి వెళ్లింది. బెంచీ మీద నా పక్కన బొబ్బిలి ఆసామి ఒకాయన చేరాడు. తీరిగ్గా కాళ్లు చాపుకుని, "మీ ఆడోళ్లకేటి జబ్బు? ఎలగొచ్చినాది?" అని అడిగాడు. అలాంటి శ్రోత దొరికితే కథ ముగించడానికి ఒకప్పుడు అతనితో పాటు నేనూ రెండు స్టేషన్లు ముందే దిగిపోయేవాణ్ణి. నోరు తెరిచాను కూడా.

"నాకు తెల్దు నాయనా," అన్నాను. "లోపల సెప్తన్నాది."

నీ బావ,
లక్ష్ముడు