వల మీద పడ్డ నింద

శామీర్‌పేట,
9 ఫిబ్రవరి 2025, ఆదివారం.

ఓదెలు బావకు యాదయ్య రెండు చేతులెత్తి దండం పెట్టి రాసేది. ఇక్కడ నేను, ఈదమ్మ, పిల్లలు కుశలం. అక్క, బిడ్డ పూజ, నువ్వు అక్కడ పానం మంచిగుండి, యాళ్లకింత తింటున్నరని తలుస్తున్న.

నువ్వు ఫోన్ ఎత్తుతలేవు. అత్వెల్లిల గోదాం కాడ వాచ్‌మన్ పనికి కుదిరినంక ఇటు దిక్కే మర్సినవ్. అందుకే కాయిదం మీద రాస్తున్న. నా అక్షరాలు జూసి నవ్వకు, పెన్ను పట్టక ఎన్నేండ్లాయెనో.

ముందుగాల నా తప్పు ఒప్పుకుంట. పన్నెండేండ్లు ఒక్క తెప్ప మీద వల లాగినం. నీకు హెచ్‌ఐవీ ఉందని తెలిసిన నాడు మన చేపల సంఘపోళ్లు, నువ్వు చెరువుల దిగితే నీళ్లల్ల కలుస్తది, చేపలకొస్తది, ఇగ మన చేపలెవరు కొంటరని లొల్లి జేసిండ్రు. నేను నోరు మూసుకొని కూసున్న. ఇంటికి పోయి చేతులకున్న గాట్లు చూసుకున్న. జెల్ల చేప ముల్లు గుచ్చి మనిద్దరి నెత్తురు ఎన్నిసార్లు ఒకే వలకు అంటలేదు? నాకూ అంటిందేమో అనుకున్న. నిన్ను చెరువు ఇడిసిపెట్టి పోనిచ్చింది నా పిరికితనమే బావా. తల్సుకుంటె సిగ్గైతాంది.

పోయేటప్పుడు నువ్వు కోపం లేకుంట ఒక్క మాటన్నవ్. పరీక్ష చేయించుకోరా, నీ మనసు నిమ్మలమైతది అని. నీ మాట మీదనే మేడ్చల్ దవాఖానకు పోయిన. అక్కడ సుస్మిత అని కౌన్సిలర్ మేడం ఉంది. నా పిచ్చి ప్రశ్నలన్నిటికీ విసుక్కోకుంట చెప్పింది. నీళ్లతోటి రాదు, చేపతోటి రాదు, దోమ కుడితె రాదు, ఒక్క కంచంల తిన్నా, ఒక్క ముంతల కల్లు తాగినా రాదట. జాగ్రత్త లేని కలయికతోటి, అది ఉన్న నెత్తురు ఎక్కించుకుంటె, ఒకరికి వాడిన సూది ఇంకొకరికి పొడిస్తె, తల్లి నుంచి బిడ్డకు, గంతే. మన వల ముచ్చట రెండుసార్లు అడిగిన. వల లాగితే రానే రాదన్నది. ఇంకోటి, హెచ్‌ఐవీ ఉన్నోళ్లందరికీ ఎయిడ్స్ ఉన్నట్టు కాదట. మందులు వాడక ఒంట్లె రోగాలను ఆపే శక్తి అడుగంటినప్పుడు దాన్ని ఎయిడ్స్ అంటరట. రోజూ గోలీ మర్వకుంట వేసుకుంటె అందరి లెక్కనే ముసలోళ్లయ్యేదాంక బతుకుతరు. నాకు ఇన్నేండ్లొచ్చినా గిది ఎరుక లేకపాయె.

నిన్న సంఘం కూసుంది. నేను లేసి ఇవన్నీ చెప్పిన. మన పెద్ద, పర్వతాలు మామ, నువ్వెప్పుడు డాక్టర్‌వైనవురా అని ఎగతాళి జేసిండు. అప్పుడు ఇంకొక్క సంగతి చెప్పవలసొచ్చింది.  అది విన్నంక మామనే, ఓదెలును రమ్మను అన్నడు.

నీ తెప్పకు కొత్త థర్మాకోల్ కట్టిన. గురువారం పొద్దుగాల వల వేస్తున్నం, జల్దీ రా. ఆ నాడు నువ్వు ఆ మాట అనకపోతే నేను ఏమైపోదునో. నీ మేలు బతికున్నన్నాళ్లు మర్వను.

నీ బామ్మర్ది,
యాదయ్య

తా.క.: సంఘంల చెప్పిన సంగతి నీకు దాస్తే తప్పు. నా పరీక్షల ఉన్నదనే వచ్చింది బావా. ఏండ్ల తరబడి ఏం కానరాకుంట ఒంట్లె ఉంటదట. ముందు ఈదమ్మకు చెప్పిన. ఏడ్చింది, నోటికొచ్చినట్టు తిట్టింది, మళ్ల నా ఎంబడే వచ్చి తను కూడ చేయించుకున్నది. ఆమెకు లేదు, మూడు నెలలకు ఇంకోసారి చూస్తరట. నాకు గోలీలు మొదలైనయ్. ఇది బయటపడితె అందరు నీ మీదనే వేస్తరని నాకెరుకే. అందుకే నిలబడి చెప్పిన, ఇది ఓదెలు బావ ఇచ్చింది కాదు, ఆయన తెప్ప ఎక్కక ముందు, నేను లారీ నడిపిన రోజులల్ల తెచ్చుకున్నది అని.